పేర్లు లేని మాటలు

రాత్రి కూడా వారెన్ పైకి రాలేదు.

కింది వాటాలో అతని తల్లి బెర్నడీన్ ఉంటుంది. నిన్న రిహార్సల్ మధ్యలో స్క్రిప్టు మూసేసి, ఎవరితోనూ ఏమీ అనకుండా లేచి వెళ్లినవాడు నేరుగా ఆవిడ దగ్గరికే చేరాడు. మేడ మీద నుంచి ఇర్మెల అతని అడుగుల చప్పుడు వింటూనే ఉంది. వంటింట్లో నుంచి ముందు గదిలోకి, ముందు గదిలో నుంచి వంటింట్లోకి. మెట్ల వైపు మాత్రం రాలేదు.

పొద్దున, ఇంట్లో దిగిన స్నేహితురాలు యుట్టా వంటింట్లోకి వచ్చేసరికి ఇర్మెల రొట్టె కోసి, వెన్న రాయడం మరిచిపోయి కత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"నేను హోటలుకి వెళ్లిపోతానే," అంది యుట్టా. ఇద్దరూ ఒక్కచోట ఉంటే జర్మన్‌లోనే మాట్లాడుకుంటారు.

"ఎందుకు?"

"నన్ను చూస్తే నీ మొగుడు సగం మెట్ల మీది నుంచే తిరిగి దిగిపోతాడు. నాకూ ఆ చిన్నగదిలో నిద్ర పట్టడం లేదు."

ఆ చిన్నగది ఎవరి కోసం సిద్ధం చేసుకున్నదో యుట్టాకి తెలుసు. యుట్టాకి అన్నీ తెలుసు. వచ్చిన చిక్కంతా అదే.

ఆరేళ్ల కిందట, పాప ప్రాణం లేకుండా పుట్టిన రోజు నుంచి, ఇర్మెల తన గోడంతా ఫోనులో యుట్టాతోనే చెప్పుకుంది. ఇద్దరూ జర్మనీలోని లైప్‌జిగ్‌లో కలిసి చదువుకున్నవాళ్లు. యుట్టా అక్కడే ఉండిపోయి నాటకాలు రాసింది. ఇర్మెల షికాగో వచ్చి, నాటకాలు ఆడించే మనిషిని పెళ్లాడి, జర్మన్ నాటకాల్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. ఏటా మార్చిలో వారెన్ తన చిన్న థియేటరులో కొత్త జర్మన్ నాటకాల్ని నటుల చేత చదివించి వినిపిస్తాడు. వేషాలుండవు, తెరలుండవు. చేతిలో కాగితాలు, ఎదురుగా స్టాండు, గొంతు. ఈసారి యుట్టా నాటకం, ఇవాళ సాయంత్రమే. అది ఎవరి ఇంటి కథో అనువాదం చేసినామెకి తెలుసు. చదివించేవాడికి తెలియదు. నిన్న మధ్యాహ్నం వరకూ తెలియదు.

"ముందే నాతో ఒక మాట అనాల్సింది," అంది ఇర్మెల.

"అన్నాను కదా. చదువు, నచ్చకపోతే చించి పారెయ్, మళ్లీ ఆ ఊసెత్తను అన్నాను. నువ్వు చించలేదు. శుభ్రంగా అనువాదం చేసి మీ ఆయన చేతిలో పెట్టావు."

"పేర్లు లేవు కదా అనుకున్నాను."

నిజంగానే పేర్లు లేవు. ఆ మాటకొస్తే ఎవరు ఏ మాట అంటారో కూడా యుట్టా రాయలేదు. ప్రతి మాటకీ ముందు ఒక అడ్డగీత, అంతే. ఏ మాట ఎవరి నోట పలికించాలో దర్శకుడు చూసుకోవాలి. జర్మనీలో ఇప్పుడు చాలామంది అలాగే రాస్తున్నారు. కథలో యుట్టా ఊరు మార్చింది. కాలం మార్చింది. పురిటి పాపని నాలుగేళ్ల పిల్లవాణ్ణి చేసింది. ఆసుపత్రి గది మాత్రం ఉంచేసింది. ఆ గదిలోంచి ఒకరు బయటికి వెళ్లిపోవడం ఉంచేసింది.

"ఆ ఒక్క మాటేగా అతన్ని పట్టుకుంది," అంది యుట్టా. "తీసెయ్యమంటావా? నేను ఒప్పుకోకపోతే వాళ్లు అక్షరం కూడా తీయడానికి లేదు. కాని నువ్వు అడుగు. ఈ బల్ల దగ్గరే కొట్టేస్తాను."

ఇర్మెల నోరు తెరిచింది. అడగలేకపోయింది. ఆ మాట తీసేస్తే ఆ రోజు ఏమీ జరగనట్టే అవుతుంది. ఈ ఇంట్లో ఆరేళ్లుగా అలాగే ఉంది.

"వద్దు," అంది.

"అయితే కిందికి వెళ్లి ఆయనతో మాట్లాడు. ఎంతసేపూ నాతో కాదు." యుట్టా ఆమె చేతిలోని కత్తి తీసుకుని తనే వెన్న రాసింది. "ఆ పని మొదటి రోజే చేయించాల్సింది నీచేత. నాకూ బుద్ధి లేకపోయింది. వింటూ కూర్చున్నాను."

కింది వాటా తలుపు బెర్నడీనే తీసింది. చర్చికి బయల్దేరుతోంది. కోటు వేసుకుంది, ఒక కాలికే బూటుంది.

"వచ్చావా పిల్లా. లోపలున్నాడు. నా భోజనాల బల్లంతా రంగు పెన్సిళ్లు పరిచి కూర్చున్నాడు. నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి, బొమ్మల పుస్తకం ఇచ్చిన పిల్లాడిలాగా."

"ఏమైనా తిన్నాడా అత్తయ్యా?"

"క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి పెట్టాను. ఒకటి తిన్నాడు. రెండోది కెలికి వదిలేశాడు." ఆవిడ గోడ పట్టుకుని రెండో బూటు తొడుక్కుంది. "మీ ఇద్దరి మధ్య నేను రాను. వస్తే ముసలిదానికి ఎందుకంటారు. ఒక్కటి చెప్తాను, వాడు చిన్నప్పుడు కూడా ఇంతే. దెబ్బ తగిలితే చూపించేవాడు కాదు. రక్తం చొక్కాకి అంటుకుంటే గాని నాకు తెలిసేది కాదు."

తలుపు దాకా వెళ్లి ఆగింది.

"కిటికీలోంచి రోడ్డు మీద, కారు తీసిన చోట నేను వేసి వెళ్లే కుర్చీని కాస్త కనిపెట్టి ఉండండి. మంచు మొత్తం నేనే ఎత్తిపోసుకుని కారుకి చోటు చేసుకున్నాను. ఎవడైనా కుర్చీ పక్కకి నెట్టి బండి పెట్టాడో, వాడి సంగతి నేను చర్చి నుంచి వచ్చాక చూస్తాను. అప్పటికి పాపాలు కడుక్కుని ఉంటాను కాబట్టి కొత్తగా చేసినా ఫరవాలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ వెళ్లిపోయింది.

ఇర్మెల లోపలికి వచ్చినా వారెన్ తలెత్తలేదు. స్క్రిప్టులో మాటల పక్కన గీతలు గీస్తున్నాడు. ఒకదానికి ఎర్ర గీత, ఒకదానికి నీలం.

"కాఫీ ఉంది," అన్నాడు.

"తాగాను."

పెన్సిలు గీసుకుంటూ పోయింది. ఇర్మెల ఎదురుగా కూర్చుంది. అతని చెంపలు రెండు రోజుల గడ్డంతో బూడిద రంగులో ఉన్నాయి. ఆ గడ్డం తెల్లబడిందని ఇవాళే చూసినట్టు చూసింది.

"నేనెలా కనిపెట్టానో అడగవేం?" అన్నాడు వారెన్.

"తెలుసు."

"చెప్పు మరి."

"ఆ మాట వల్ల."

"ఏ మాట?"

అతనికి తెలిసే అడుగుతున్నాడు. తన నోటితో అనిపించాలని.

"'కారు అడ్డంగా పెట్టొచ్చాను. తీసిపెట్టి వస్తా. నేనొచ్చేదాకా ఏమీ జరగనివ్వకు.'"

పెన్సిలు ఆగింది.

"యుట్టా అలా రాసిందా?"

"లేదు. 'బండి సంగతి చూసుకుని వస్తాను, అందాకా ఆగండి' అని రాసింది."

"మరి ఇది?"

"నేను రాసింది." ఇర్మెల గొంతు తగ్గిపోయింది. "కావాలని కాదు. ఆ వాక్యం దగ్గరికి రాగానే చెయ్యి రాసుకుంటూ పోయింది. ఎంత తేలిగ్గా కుదిరిందో అనుకున్నాను కూడా. నేను అనువాదం చేయలేదు, వారెన్. నాకు గుర్తున్నది రాశాను."

ఆ రోజు ఆసుపత్రి గదిలో అతను ఇంగ్లీషులో అన్న మాట ఆమె నోట జర్మన్‌గా మారి, ఫోనులో సముద్రం దాటి, నాటకంలో చేరి, మళ్లీ ఆమె చేతి మీదుగా ఇంటికొచ్చింది. దారిలో ఎన్ని చేతులు మారినా, చివరికి అతను అన్నది అన్నట్టే వచ్చి కూర్చుంది. ఇంకెవరు అనువాదం చేసినా అలా వచ్చి ఉండేది కాదు.

వారెన్ కూడా అదే అన్నాడు. "ఇంకొకరు చేసి ఉంటే నాకు తెలిసేది కాదు. ఎవడో పాపం అనుకునేవాణ్ణి. కర్టిస్‌ని, ఆ ముక్క ఇంకాస్త మెల్లిగా చదవవయ్యా, వాడి మీద జాలి కలగాలి అనేవాణ్ణి." నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "నిన్న కర్టిస్ చదువుతున్నాడు. నేను చొక్కా చేతులు మడుచుకుంటున్నాను. నా మాట వాడి నోట్లోంచి వస్తోంది."

"నీకు చెప్పాల్సింది."

"ఆరేళ్లు, ఇర్మెలా. ఆ రోజు గురించి నాతో ఒక్క మాట లేదు. యుట్టాతో ఆరేళ్లూ అదే మాట."

"నిన్ను అడగలేదా నేను? ఆ వారమంతా అడుగుతూనే ఉన్నాను, ఎక్కడికెళ్లావని. అడిగినప్పుడల్లా పార తీసుకుని మంచు ఎత్తిపొయ్యడానికి పోయావు."

"అడిగావా? నిలదీశావు."

"నిలదీస్తే మాత్రం? జవాబుండదా?"

అతను కిటికీ వైపు చూశాడు. రోడ్డు మీద బెర్నడీన్ కుర్చీ ఒంటరిగా ఉంది.

"తీయించేస్తాను," అంది ఇర్మెల ఉన్నట్టుండి. మేడ మీద నోరు పెగలని మాట ఇక్కడ దానంతటది వచ్చేసింది. "యుట్టా ఒప్పుకుంది. నువ్వు పైకి వస్తానంటే ఇప్పుడే తీయించేస్తాను."

"వద్దు. ఉండనీ. రచయిత్రి రాసింది నేను ముట్టుకోను." పెన్సిళ్లు ఒక్కొక్కటే డబ్బాలో పెట్టాడు. "మాటలు పంచడం నా పని. పంచాను."

"రాత్రికి పైకి వస్తావా?"

వారెన్ స్క్రిప్టు అంచులు బల్ల మీద కొట్టి సరిచేశాడు.

"ముందు చదవడం అవనీ," అన్నాడు.

థియేటరు ఒకప్పుడు చెప్పుల కొట్టు. వీధి వైపు అద్దానికి నల్లగుడ్డ కట్టారు. సాయంత్రానికి మడత కుర్చీలు వేసేశారు. ముందువరసలో అప్పుడే జనం కోట్లు విప్పుకుంటున్నారు.

లోపలి గదిలో ఓడెట్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని స్క్రిప్టు తిరగేస్తోంది. ఇరవై ఏళ్లుగా వారెన్‌తో పనిచేస్తున్న నటి. అతన్ని తిట్టే హక్కు తనకి ఉందనుకుంటుంది.

"ఇర్మెలా, మీ ఆయనకి ఏమైంది? నిన్న నేను చదివినవన్నీ ఇవాళ కర్టిస్‌కి ఇచ్చాడు. వాడివన్నీ నాకొచ్చాయి. పిల్లాడి మంచం దగ్గర కూర్చుని ఏడ్చేది వీడట. బండి తీసిపెడతానని పారిపోయేది నేనట."

"నాకైతే బాగుంది," అన్నాడు కర్టిస్. "ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఇంట్లో ఉన్న మొగుణ్ణి. మా ఆవిడని పిలవాల్సింది, చూసి నేర్చుకునేది."

"నువ్వా? నువ్వు ఇంట్లో ఉంటే ఆవిడే వెళ్లి కారులో కూర్చుంటుంది."

ఇర్మెల ఓడెట్ చేతిలోంచి స్క్రిప్టు తీసుకుంది. ఆ పేజీ వెతుక్కోనక్కర్లేదు. ఆ మాట పక్కన ఎర్ర గీత ఉంది. ఎర్రది ఓడెట్. ఆడమనిషి.

పేజీ తిప్పింది. తను ఆ రోజుల్లో అన్నవి, రాత్రుళ్లు యుట్టాకి చెప్పుకున్నవి, ఎందుకు వెళ్లావని అడిగినవి, అన్నిటి పక్కనా నీలం గీతలు. మొగవాడివి.

వారెన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఇలా ఎందుకు చేశావు?" అంది, ఓడెట్‌కి వినబడకుండా.

"పేర్లు లేవుగా," అన్నాడు. "ఎవరిదైనా కావచ్చుగా."

వెనక నుంచి యుట్టా వచ్చి గీతలు చూసింది. వాళ్లిద్దరి మధ్య ఏమైందో తెలియని ఆమె మొహం విప్పారింది. "ఇది బాగుంది," అంది జర్మన్‌లో. "మా ఊళ్లో ఎవరికీ తట్టలేదు. ఆయనతో చెప్పు, చాలా బాగుందని."

ఇర్మెల వారెన్‌తో చెప్పింది. "బాగుందట," అంది. అతను తలూపి లైట్ల వైపు వెళ్లిపోయాడు.

చదవడం మొదలైంది. ఇర్మెల రెండో వరసలో చివర కూర్చుంది. వేదిక మీద కర్టిస్ గొంతు ఆమె మాటలు ఒక్కొక్కటే పలుకుతోంది. మొగవాడి నోట ఆ మాటలు మెత్తగా, దిక్కులేనట్టు ఉన్నాయి. అయినా వాటిలో ఇంత నింద ఉందని తను రాసేటప్పుడు ఎరగదు.

ఆ మాట వచ్చింది. ఓడెట్ పేజీ తిప్పలేదు, తలెత్తలేదు. పక్కింటావిడతో అన్నట్టు అంది.

"కారు అడ్డంగా పెట్టొచ్చాను. తీసిపెట్టి వస్తా. నేనొచ్చేదాకా ఏమీ జరగనివ్వకు."

హాల్లో ఎవరో గట్టిగా ఊపిరి తీశారు. ముందు వరసలో పచ్చ ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలావిడ పక్కనున్న మనిషి వైపు వంగి, "అదేం తల్లమ్మా," అంది. మెల్లిగా అన్నాననుకుంది. అందరికీ వినబడింది.

ఇర్మెల చెవులు కాలిపోయాయి. ఆరేళ్లుగా ఆ మాట తను వారెన్ గురించి అనుకుంటూనే ఉంది. అదేం తండ్రి అని. బయటి మనిషి నోట, ఆడమనిషి మీద పడితే, అది ఇంత బరువుగా ఉంటుందనుకోలేదు.

చదవడం అయిపోయాక, ఎప్పటిలాగే, ఎవరూ వెళ్లలేదు. ప్రేక్షకులు అడుగుతారు, రచయిత్రి చెబుతుంది. రెండు కుర్చీలు, ఒక మైకు. యుట్టాకి ఇంగ్లీషు అంతగా రాదు కాబట్టి ఇర్మెల పక్కనే కూర్చుంది. ఇక్కడ ఆమెకి సొంత మాట ఉండదు. అడిగింది యుట్టా చెవిలో జర్మన్‌లో చెప్పాలి. యుట్టా అన్నది పైకి ఇంగ్లీషులో చెప్పాలి. యుట్టా 'నేను' అంటే తనూ 'నేను' అనాలి.

రెండు ప్రశ్నలు మామూలువే వచ్చాయి. పేర్లు ఎందుకు పెట్టలేదు, మీ దేశంలో దీన్ని ఎలా ఆడారు. మూడోసారి పచ్చటోపీ ముసలావిడ చెయ్యెత్తింది.

"ముగ్గుర్ని పెంచినదాన్ని, అడుగుతున్నాను. ఆ తల్లి అంతసేపూ ఎక్కడికి పోయింది? బండి తీసిపెట్టడానికి అంత సేపా? ఏ ఊరు తీసుకెళ్లి పెట్టింది?"

కొంతమంది నవ్వారు. ఇర్మెల ఆ ప్రశ్నని యుట్టా చెవిలో చెప్పింది.

యుట్టా మైకు దగ్గరికి వంగింది. "నాకు తెలియదు," అంది జర్మన్‌లో. "నాకు ఈ సంగతి చెప్పిన మనిషికీ తెలియదు."

ఇర్మెల హాలు వైపు తిరిగింది. "నాకు తెలియదు," అంది ఇంగ్లీషులో. అక్కడితో ఆపేసింది.

ఎవరూ గమనించలేదు. కాని పన్నెండేళ్లుగా ఆమెతో కాపురం చేస్తున్న మనిషికి ఆ మాత్రం జర్మన్ వస్తుంది. గోడవారగా కూర్చున్న వారెన్ లేచాడు.

"నేను చెబుతానండీ," అన్నాడు ముసలావిడతో. "నాటకంలో లేదు. చదివించేవాళ్లం కొంత ఊహించుకుంటాం కదా. ఆవిడ ఎక్కడికీ పోలేదు."

ఇర్మెల అలవాటు కొద్దీ యుట్టా వైపు వంగింది. అతను అన్నది అన్నట్టే ఆమె పెదాలు జర్మన్‌లో చెప్పుకుంటూ పోయాయి.

"కారు సరైన చోటే ఉంది. ఆ మాట తన నోట ఎందుకొచ్చిందో ఆవిడకే తెలియదు. తలుపు దాటింది. దాటి, తలుపు బయటే నిలబడిపోయింది."

"ఎంతసేపు?" అంది ముసలావిడ. ఇప్పుడు ఆమె గొంతులో ఎకసెక్కం లేదు.

"చివరిదాకా."

"మరి లోపలికి రావచ్చుగా?"

"ఏడుపు వినబడుతుందేమోనని చూసింది. డాక్టర్లు పొరపాటు పడ్డారేమో, లోపలి నుంచి ఒక్కసారి ఏడుపు వినబడితే వెళ్దామని." వారెన్ చేతిలోని స్క్రిప్టు గొట్టంలా చుట్టుకుపోయింది. "వినబడలేదు. అయినా వెళ్దామనే అనుకుంది. తలుపు మీద చెయ్యి వేసింది కూడా. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి ఒక మాట వినబడింది. ఆ మాట విన్నాక కాళ్లు రాలేదు."

ఇర్మెల అనువాదం అక్కడ ఆగిపోయింది.

ఆ రోజు నర్సు పాపని గుడ్డలో చుట్టి చేతుల్లో పెట్టుకుని, నాన్నగారి కోసం ఇంకాసేపు చూడమంటారా అని అడిగింది. "ఆయన రాడు," అంది ఇర్మెల. "రాకపోతేనే మంచిది. ఆయన ఈ బిడ్డని తాకడం నాకిష్టం లేదు. తీసుకెళ్లిపోండి." నర్సు అవతలి తలుపులోంచి తీసుకెళ్లిపోయింది. ఈ తలుపు మూసే ఉంది.

ఆ మాట ఆమె యుట్టాకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అందుకే నాటకంలోకి రాలేదు.

"ఆగిపోయావేం?" అంది యుట్టా ఆత్రంగా. మైకు ఇంకా తన మూతి దగ్గరే ఉందని మరిచిపోయింది. ఆమె జర్మన్ హాలంతా మోగింది. "లోపల ఏ మాట విందట? ఏమందట లోపలి మనిషి?"

జనం ఇర్మెల వైపు తిరిగారు.

"రచయిత్రిగారు ఏదో అడుగుతున్నారు," అంది పచ్చటోపీ ముసలావిడ. "మాకూ చెప్పు తల్లీ."

చెప్పాల్సింది ఇర్మెలే. ఆ ప్రశ్నా, దానికి జవాబూ తెలిసిన మనిషి ఆ హాల్లో ఇంకొక్కడే ఉన్నాడు. అతను కూర్చోలేదు. ఆమె నోటి వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.